పాపర్స్ - ఎయిడ్స్ రచనలు: కార్యకారణ నిర్ణయంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆల్కైల్ నైట్రైట్ల ఆవిరిని పీల్చే అలవాటుకు, స్వలింగ ప్రేమికులైన యువకుల లైంగికారోగ్యానికి ఉన్న సంబంధం గురించి 1981 నుంచి ఆంగ్లంలో విస్తారంగా రచనలు వచ్చాయి. వైద్య నివేదికలు, కరపత్రాలు, పరిశోధనాత్మక పాత్రికేయ గ్రంథాలు, శాసనసభా ప్రసంగాలు, సాంస్కృతిక చరిత్రలు వీటిలో ఉన్నాయి. కలిసి కనిపించిన రెండు విషయాల్లో ఒకదాన్ని మరొకదానికి కారణంగా నిర్ణయించడంలో ఈ రచనలు ఎక్కడ తడబడ్డాయో, ఎక్కడ నిలదొక్కుకున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు న్యాయశాస్త్రంలోని 'ఉపాధి' భావనను విమర్శ పరికరంగా స్వీకరిస్తుంది. చివరగా ఇదే విషయాన్ని చెప్పడానికి తెలుగులో అందుబాటులో ఉన్న పదజాలాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: పాపర్స్, ఎయిడ్స్ సాహిత్యం, సాహచర్యం, ఉపాధి, లైంగికారోగ్యం, వ్యసనం, సంబోధన.

1. ఉపోద్ఘాతం:

రోగచరిత్ర రాసేవారు రెండు పనులు చేస్తారు. ఏది ఎప్పుడు జరిగిందో చెప్తారు. ఏది దేనివల్ల జరిగిందో కూడా చెప్తారు. మొదటిదానికి కాలక్రమం చాలు. రెండవదానికి తర్కం కావాలి. తర్కం తప్పిన చోట రోగచరిత్ర నిందాకథనంగా మారుతుంది. ఆ కథనంలో దోషిగా నిలిచేది సాధారణంగా అప్పటికే సమాజం దూరం పెట్టిన వర్గమే.

ఈ విషయం వైద్యులది, సాహిత్య విమర్శకు ఇందులో ఏం పని అనే ప్రశ్న సహజంగా వస్తుంది. సూసన్ సాంటాగ్ 1978లో క్యాన్సర్, క్షయ వ్యాధుల గురించీ, 1989లో 'ఎయిడ్స్ అండ్ ఇట్స్ మెటఫర్స్' గ్రంథంలో ఎయిడ్స్ గురించీ చేసిన చర్చ ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చింది. రోగం శరీరంలో ఉంటుంది. రోగానికి అంటగట్టిన అర్థాలు భాషలో ఉంటాయి. ఉపమానం, పేరు, వాక్యక్రమం, సంబోధన అనే నాలుగింటిని పరీక్షించడం విమర్శకుల పని. రోగి వైద్యుని దగ్గర నోరు విప్పాలా వద్దా అన్నది కూడా ఈ నాలుగింటి మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష ప్రయోజనం కాగితంతో ఆగిపోదు.

2. ఔషధం నుంచి వినోదవస్తువు దాకా:

అమైల్ నైట్రైట్‌ను 1844లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బలార్ తయారుచేశాడు. దాని ఆవిరి పీలిస్తే ముఖం ఎర్రబారుతుందని 1859లో ఫ్రెడరిక్ గుత్రీ గమనించాడు. ఎడింబరోలో పనిచేస్తున్న లాడర్ బ్రంటన్ అనే యువవైద్యుడు దీన్ని గుండెనొప్పి రోగులకు పీల్పించి, నొప్పి ఉపశమించిన తీరును 1867లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించాడు. రక్తనాళాల గోడల్లోని మృదుకండరాలు సడలి, నాళాలు వెడల్పై, రక్తపోటు తగ్గడమే దీని చర్య. పీల్చిన కొన్ని క్షణాల్లో మొదలై కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది.

తరువాతి కాలంలో ఈ మందును గుడ్డచుట్టిన చిన్న గాజుగొట్టాల్లో అమ్మేవారు. నొప్పి వచ్చినప్పుడు గొట్టాన్ని వేళ్లతో నలిపితే 'పాప్' మని చప్పుడయ్యేది. 'పాపర్' అనే పేరు ఆ ధ్వన్యనుకరణం నుంచి పుట్టింది. అమెరికాలో 1960లో వైద్యుని చీటీ అవసరాన్ని తొలగించి, ఆ దశాబ్దం చివర మళ్లీ విధించారు. ఆ నియమాన్ని తప్పించుకోవడానికి బ్యూటైల్, ఐసోబ్యూటైల్ నైట్రైట్లు గది సువాసన ద్రవ్యాల పేరుతో చిన్న సీసాల్లో బజారుకు వచ్చాయి. 1970లలో డిస్కో నృత్యశాలల్లో, స్వలింగ ప్రేమికుల సమావేశ స్థలాల్లో అవి వ్యాపించాయి. తలలో క్షణకాలం కలిగే ఊపు ఒక ఆకర్షణ. మలద్వార కండరాలు సడలడం వల్ల సంభోగం సులభం కావడం మరొక ఆకర్షణ.

ఈ రెండవ కారణాన్ని చాలా రచనలు తప్పించుకుంటాయి లేదా వెకిలిగా ప్రస్తావిస్తాయి. ఒక పదార్థం ఎందుకు వాడుతున్నారో చెప్పకుండా ఎందుకు వాడకూడదో చెప్పే రచన తన పాఠకుణ్ణి మొదటి వాక్యంలోనే పోగొట్టుకుంటుంది.

3. 1981 నివేదికలోని వాక్యక్రమం:

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1981 జూన్ 5న వెలువరించిన వారపత్రికలో లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఐదుగురు యువకుల గురించి ఒక చిన్న నివేదిక ఉంది. అరుదైన న్యూమోసిస్టిస్ న్యుమోనియా వారికి సోకింది. నివేదిక రాసేనాటికే ఇద్దరు మరణించారు. వయసులు 29 నుంచి 36 సంవత్సరాలు. ఎయిడ్స్ గురించి వైద్య సాహిత్యంలో వెలువడిన తొలి ప్రకటన ఇదే. ఐదుగురూ స్వలింగ సంబంధాలు గలవారని, ఐదుగురూ పీల్చే మాదకద్రవ్యాలు వాడినట్టు చెప్పారని, ఒకరు సూదిమందు వాడారని ఆ నివేదిక నమోదు చేసింది. సంపాదకీయ వివరణలో ఈ రోగానికి స్వలింగ ప్రేమికుల జీవనశైలిలోని ఏదో ఒక అంశంతోగానీ, లైంగిక సంపర్కం ద్వారా సోకే వ్యాధితోగానీ సంబంధం ఉండవచ్చని సూచించింది.

శాస్త్రీయంగా ఈ సూచన జాగ్రత్తతో కూడినదే. 'గానీ' అనే వికల్పం అందులో ఉంది. రెండు ద్వారాలనూ తెరిచి ఉంచింది. అయితే ఆ వికల్పంలోని రెండు భాగాలు సమానబలం కలవి కావు. 'సంపర్కం ద్వారా సోకే వ్యాధి' అన్నది పరీక్షించదగిన ప్రతిపాదన. 'జీవనశైలి' అన్నది పరీక్షకు లొంగని సంచి. అందులో ఏదైనా వేయవచ్చు. నృత్యశాల, నిద్రలేమి, స్నేహాలు, సీసా, చివరికి మనిషి అస్తిత్వం కూడా అందులో పడతాయి. తరువాతి రచయితల్లో కొందరు వికల్పంలోని రెండవ సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని పట్టుకున్నారు. నివేదికలో ఐదుగురికీ ఉమ్మడిగా కనిపించిన చిన్న సీసా వారికి సిద్ధంగా దొరికిన హేతువైంది.

4. ఉపాధి: ఒక తర్కశాస్త్ర పరికరం:

ఈ పొరపాటు స్వరూపాన్ని నిర్ణయించడానికి ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం' ద్వారా మన విద్యార్థులకు సుపరిచితమైన పరికరం ఒకటి ఉంది. పొగను చూసి నిప్పును ఊహించడం సరైన అనుమానం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందనే నియత సాహచర్యం, అంటే వ్యాప్తి, అక్కడ ఉంది. దీన్ని తిరగేసి నిప్పును చూసి పొగను ఊహిస్తే అనుమానం చెడిపోతుంది. కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె తోడు కావాలి. ఆ పచ్చికట్టె సంయోగమే ఉపాధి. సాధ్యం ఉన్న ప్రతిచోటా ఉండి, హేతువు ఉన్న ప్రతిచోటా ఉండనిది ఉపాధి అని శాస్త్రకారుల నిర్వచనం.

ఈ చట్రంలో 1981 నాటి ఊహను పెట్టి చూడవచ్చు. 'ఇతనికి ఈ రోగం వచ్చింది, పాపర్స్ వాడాడు కనుక' అన్నది అనుమానం. ఇందులో రోగం సాధ్యం, పాపర్స్ హేతువు. 1867 నుంచి శతాబ్దానికి పైగా గుండెనొప్పి రోగులు ఇదే నైట్రైట్‌ను పీల్చారు. వారిలో ఎయిడ్స్ కనిపించలేదు. వారు ఈ వాదంలో కాలిన ఇనుపగుండు వంటివారు. హేతువు ఉంది, సాధ్యం లేదు. మరోవైపు 1982లో హీమోఫిలియా రోగుల్లోనూ, రక్తమార్పిడి పొందిన ఒక శిశువులోనూ ఇదే రోగలక్షణాలు నమోదయ్యాయి. అక్కడ సాధ్యం ఉంది, హేతువు లేదు. పచ్చికట్టె మరెక్కడో ఉందన్నమాట. వ్యాధి నియంత్రణ కేంద్రం రోగులనూ, ఆరోగ్యవంతులైన స్వలింగ ప్రేమికులనూ పోల్చి జరిపి 1983లో ప్రకటించిన అధ్యయనంలో ఇరువర్గాలనూ వేరుచేసిన ముఖ్యాంశం లైంగిక భాగస్వాముల సంఖ్య. అదే సంవత్సరం పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వైరస్‌ను వేరుచేశారు. ఉపాధి దొరికింది.

ఈ పాఠం ఒక్కసారితో పూర్తి కాలేదు. ఎయిడ్స్ రోగుల్లో కపోసి సార్కోమా అనే కణితి స్వలింగ ప్రేమికుల్లోనే అధికంగా ఎందుకు కనిపిస్తుందనే ప్రశ్న మిగిలింది. మళ్లీ సీసా వైపే కొందరి వేళ్లు చూపాయి. 1994లో చాంగ్, మూర్ దంపతులు ఆ కణితికి కారణమైన మరొక హెర్పిస్ వైరస్‌ను కనుగొన్నారు. ఒకే పదార్థం విషయంలో ఒకే అనుమానదోషం పదేళ్ల వ్యవధిలో రెండుసార్లు జరిగింది.

5. నిందాకథన నిర్మాణం: రెండు గ్రంథాలు:

జాన్ లారిట్సెన్, హాంక్ విల్సన్ కలిసి 1986లో ప్రచురించిన 'డెత్ రష్: పాపర్స్ అండ్ ఎయిడ్స్' ఈ అనుమానదోషానికి పుస్తకరూపం. రచయితలిద్దరూ స్వలింగ ప్రేమికుల ఉద్యమానికి చెందినవారే. తమవారిని కాపాడుకోవాలనే ఆరాటం ఆ రచనకు ప్రేరణ అనడంలో సందేహం లేదు. సువాసన ద్రవ్యం ముసుగులో జరిగిన వ్యాపారాన్ని, ఆ ప్రకటనలపై ఆధారపడిన పత్రికల మౌనాన్ని ప్రశ్నించడం వరకు వారి విమర్శ విలువైనది. వైరస్ కనిపించిన తరువాత కూడా సీసానే ప్రధాన కారణంగా నిలబెట్టడం దాని వైఫల్యం. లారిట్సెన్ ఆ మార్గంలోనే ముందుకు సాగి వైరస్ పాత్రను నిరాకరించేవారి పక్షాన నిలిచాడు.

ఈ నిరాకరణకు శాస్త్రీయ గౌరవం తెచ్చిపెట్టడానికి ప్రయత్నించిన పీటర్ డ్యూస్‌బర్గ్, ఎయిడ్స్‌కు మాదకద్రవ్యాలే కారణమని, నైట్రైట్లు వాటిలో ముఖ్యమని వాదించాడు. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకి 2000లో ఏర్పరచిన సలహా బృందంలో ఆయనకు స్థానం లభించింది. ఆ దేశంలో మందుల పంపిణీ ఆలస్యం కావడం వల్ల 2000 - 2005 మధ్య 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు తరువాత అంచనా వేశారు. సోపాధిక హేతువు తర్కగ్రంథంలో దోషం మాత్రమే. ప్రభుత్వ విధానంలోకి వస్తే అది ప్రాణాలు తీస్తుంది.

రాండీ షిల్ట్స్ 1987లో రాసిన 'అండ్ ద బ్యాండ్ ప్లేడ్ ఆన్' వేరే స్థాయి గ్రంథం. రేగన్ ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని, రక్తనిధుల జాప్యాన్ని, శాస్త్రవేత్తల పోటీలను ఆధారాలతో బయటపెట్టిన ఈ రచనకు ఎయిడ్స్ సాహిత్యంలో శాశ్వత స్థానం ఉంది. తొలి పరిశోధకులు పాపర్స్ ఊహను చేపట్టి విడిచిపెట్టిన క్రమాన్ని కూడా షిల్ట్స్ నమోదు చేశాడు. కారణాన్ని పదార్థంలో వెతకడం సరికాదని తెలిసిన రచయిత, కథనానికి ఒక ప్రతినాయకుడు కావలసి వచ్చినప్పుడు కారణాన్ని ఒక వ్యక్తిలో నిలిపాడు. కెనడాకు చెందిన ఒక విమాన ఉద్యోగిని 'పేషెంట్ జీరో'గా ప్రపంచానికి చూపాడు.

ఆ పేరు వెనక ఒక లేఖకదోషం ఉంది. పరిశోధకుల పటంలో ఆ రోగికి ఇచ్చిన గుర్తు ఆంగ్లాక్షరం 'ఓ'. కాలిఫోర్నియా వెలుపలివాడు అని దాని అర్థం. చదివినవారు దాన్ని సున్నాగా చదివారు. సున్నా అంటే మొదలు అనే అర్థం స్ఫురించింది. తాళపత్ర ప్రతుల్లో ఒక్క అక్షరం మారి పద్యార్థం తలకిందులైన సందర్భాలు పరిష్కర్తలకు కొత్తకాదు. ఇక్కడ మారినది చనిపోయిన మనిషి పేరుప్రతిష్ఠలు. పాత రక్తనమూనాల జన్యువిశ్లేషణతో 2016లో 'నేచర్' పత్రికలో వెలువడిన అధ్యయనం ఆ వైరస్ 1970 ప్రాంతంలోనే న్యూయార్క్ చేరిందని, ఆ వ్యక్తి మూలం కాదని తేల్చింది. అప్పటికి గ్రంథం వెలువడి 29 సంవత్సరాలు గడిచాయి. షిల్ట్స్ స్వయంగా 1994లో అదే వ్యాధితో మరణించాడు.

6. తప్పు సిద్ధాంతం, సరైన సంబోధన:

ఈ రెండు గ్రంథాలకు ముందే, 1983లో న్యూయార్క్‌లో ఒక సన్నని కరపత్రం వెలువడింది. దాని పేరు 'హౌ టు హావ్ సెక్స్ ఇన్ యాన్ ఎపిడెమిక్'. రాసినవారు రిచర్డ్ బెర్కోవిట్జ్, మైకేల్ కాలెన్. ఇద్దరూ రోగులే. వారికి జోసెఫ్ సోనబెండ్ అనే వైద్యుడు సలహాదారు. సైటోమెగలోవైరస్ వంటి సాధారణ క్రిములు పదేపదే సోకడం వల్ల రోగనిరోధక శక్తి కుంగిపోతుందని వారు నమ్మారు. ఆ సిద్ధాంతం నిలబడలేదు. అయినా ఆ కరపత్రం కండోమ్ వాడమని చెప్పింది. ఏ చర్యలో ఎంత ప్రమాదం ఉందో విడివిడిగా వివరించింది. సిద్ధాంతం తప్పినా ఆచరణ సరైనదైంది.

ఇది యాదృచ్ఛికం కాదు. రచయితలు 'ఎవరు తెచ్చారు' అని అడగలేదు, 'ఎలా సోకుతుంది' అని అడిగారు. ప్రశ్న మారడంతో వాక్యకర్త మారాడు. నిందాకథనంలో వాక్యకర్త మనిషి, ఇక్కడ చర్య. సంబోధనలోనూ తేడా ఉంది. పాఠకుణ్ణి సుఖం కోరే మనిషిగా, భాగస్వామి క్షేమాన్ని కూడా కోరగల మనిషిగా ఆ కరపత్రం పలకరించింది. మన ఆలంకారికులు ఉపదేశాన్ని ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని మూడు విధాలుగా విభజించారు. ఆరోగ్యరచనల్లో అధికభాగం ప్రభుసమ్మితం. ఈ కరపత్రం మిత్రసమ్మితం. విధినిషేధాలు చెప్పడం కంటే ఫలాఫలాలు విప్పి చెప్పి నిర్ణయాన్ని మిత్రుడికే వదలడం దాని పద్ధతి. సురక్షిత శృంగార భావనకు పునాది వేసిన తొలి రచనల్లో దీన్ని లెక్కించడానికి కారణం ఈ సంబోధనే.

7. మిగిలిన ప్రమాదం:

పాపర్స్ ఎయిడ్స్‌కు కారణం కాదని తేలడంతో అవి హానిరహితమని తేలలేదు. ఒక అతివాదాన్ని ఖండించిన విమర్శ రెండవ అతివాదానికి జారకుండా చూసుకోవాలి. తరువాతి దశాబ్దాల్లో దీర్ఘకాలం సాగిన అధ్యయనాలు పాపర్స్ వాడకానికీ కొత్తగా హెచ్ఐవి సోకడానికీ మధ్య సాహచర్యాన్ని పలుమార్లు గుర్తించాయి. ఇక్కడ ఉపాధి విచారణ మరింత సూక్ష్మంగా జరగాలి. వాడేవారిలో కండోమ్ లేని సంభోగం అధికంగా ఉండటం ఒక అంశం. మెథాంఫెటమిన్ వంటి ఇతర మాదకద్రవ్యాలు తోడుకావడం మరొకటి. నాళాలు వెడల్పు కావడం వల్ల వైరస్ ప్రవేశం సులభం కావచ్చుననే శారీరక వివరణ మూడవది. ఈ మూడింటి భాగాలను పూర్తిగా విడదీయడం కష్టం. సీసా ఇక్కడ నిప్పు కాదు. కొన్ని సందర్భాల్లో పచ్చికట్టె పక్కన ఉండే వస్తువు, మరికొన్ని సందర్భాల్లో గాలి విసిరే వస్తువు.

వైరస్‌తో సంబంధం లేని ప్రమాదాలు స్పష్టంగా తెలిసినవి. 1998లో బజారుకు వచ్చిన సిల్డెనాఫిల్ వర్గపు మందులతో కలిపితే రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోతుంది. రెండూ శరీరంలో ఒకే మార్గంలో పనిచేయడమే దానికి హేతువు. ఈ ద్రవాన్ని పొరపాటున తాగితే రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుతుంది. పెదవులు నీలిరంగుకు, రక్తం గోధుమరంగుకు తిరుగుతాయి. మిథిలీన్ బ్లూ దీనికి విరుగుడు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి నైట్రైట్ల వల్లా, ఆ విరుగుడు వల్లా ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది. భారతదేశంలో కొన్ని సముదాయాల్లో ఈ లోపం కనిపిస్తుంది కనుక ఇది దూరదేశపు విషయం కాదు. ఐరోపాలో 2007 ప్రాంతంలో ఐసోబ్యూటైల్ నైట్రైట్‌ను క్యాన్సర్ భయంతో పరిమితం చేయగా, దాని స్థానంలోకి వచ్చిన ఐసోప్రొపైల్ నైట్రైట్ వాడినవారిలో రెటీనా కేంద్రభాగం దెబ్బతిన్న ఉదంతాలు వైద్యపత్రికల్లో వెలువడ్డాయి.

ఈ ప్రమాదాల్లో ప్రతిదానికీ నివారణ ఒకే చోట మొదలవుతుంది. యువకుడు వైద్యునితో 'ఇది వాడాను' అని చెప్పగలగాలి. గుండెనొప్పితో అత్యవసర విభాగానికి వచ్చిన యువకుడు ఆ మాట చెప్పకపోతే వైద్యుడు నైట్రేటు మాత్ర ఇవ్వవచ్చు. అతడు అంతకుముందు సిల్డెనాఫిల్ కూడా వేసుకుని ఉంటే ఫలితం ఊహించదగినదే. ఆ మాట గొంతులో ఆగడానికి కారణం చాలాసార్లు చట్టం కాదు. తన పదార్థం పేరు, తన ప్రేమ పేరు ఒకేసారి చెప్పవలసి రావడం.

హెచ్ఐవి విషయంలో కాలం మారింది. ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్రలకు అమెరికా 2012లో అనుమతి ఇచ్చింది. చికిత్సతో వైరస్ గుర్తించలేని స్థాయికి చేరినవారి నుంచి భాగస్వామికి అది సోకిన ఉదంతం ఒక్కటీ లేదని పార్ట్‌నర్-2 అధ్యయనం 2019లో తేల్చింది. ఇంత విస్తృతమైన నివారణ అందుబాటులో ఉన్న కాలంలో కూడా యువకులకు 1986 నాటి భయాన్నే చెప్పడం వారిని వర్తమానం నుంచి దూరం చేయడమే.

8. నిషేధ భాష:

బ్రిటన్ 2016లో మనఃప్రభావక పదార్థాల చట్టాన్ని తెచ్చింది. ఆ బిల్లుపై జనవరి 20న జరిగిన చర్చలో కన్సర్వేటివ్ సభ్యుడు క్రిస్పిన్ బ్లంట్ తాను పాపర్స్ వాడతానని, ఈ బిల్లు తననూ బాధితుణ్ణి చేస్తుందని సభలోనే ప్రకటించాడు. మాజీ మంత్రి నోట వెలువడిన ఈ మాటలో అలంకారం లేదు, సమర్థనా లేదు. 'వారు' అని మూడవ పురుషలో సాగుతున్న చర్చను 'నేను' అనే ఒక్క పదం మార్చివేసింది. బిల్లు ఎవరి గురించి మాట్లాడుతోందో ఆ మనిషి సభలోనే కూర్చుని ఉన్నాడని సభకు తెలిసింది.

తరువాత వచ్చిన పరిష్కారం పూర్తిగా పదార్థవివేచనకు సంబంధించినది. మాదకద్రవ్యాల దుర్వినియోగంపై సలహామండలి ఆ ఏడాది మార్చిలో తన అభిప్రాయం చెప్పింది. పాపర్స్ మెదడుపై నేరుగా పనిచేయవు, రక్తనాళాలపై పనిచేస్తాయి, తలలో కలిగే అనుభూతి దాని పరోక్ష ఫలితం, కాబట్టి చట్టంలోని నిర్వచనం వాటికి వర్తించదు. ఒక విశేషణం అన్వయించకపోవడంతో ఒక నిషేధం ఆగింది.

ఆస్ట్రేలియా మరో మార్గం పట్టింది. 2018లో ఆల్కైల్ నైట్రైట్లను హెరాయిన్‌తో సమానమైన జాబితాలో చేర్చాలనే ప్రతిపాదన వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ తరువాత ఆ ప్రతిపాదన మారింది. 2020 ఫిబ్రవరి నుంచి అమైల్ నైట్రైట్ ఫార్మసిస్టు ద్వారా లభించే మందుల జాబితాలోకి వచ్చింది. కంటికి హాని చేసే ప్రొపైల్ రకాలను పూర్తిగా నిషేధించారు. రకాన్ని బట్టి, హానిని బట్టి విభజించిన ఈ నిర్ణయంలో ఉపాధి వివేచన ఉంది. బ్యూటైల్ నైట్రైట్‌ను 1988లో, మిగిలినవాటిని 1990లో నిషేధించిన అమెరికా చట్టాల్లో వాణిజ్యావసరాలకు మినహాయింపు ఉండటంతో సీసాలు కొత్త పేర్లతో కొనసాగాయి. వాటిని పీల్చవద్దని, తాగవద్దని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2021లోనూ హెచ్చరించవలసి వచ్చింది.

9. 'డీప్ స్నిఫ్': సాధించినది, వదిలినది:

ఆడమ్ జ్మిత్ 2021లో ప్రచురించిన 'డీప్ స్నిఫ్' పాపర్స్‌కు సాంస్కృతిక చరిత్ర. విక్టోరియా కాలపు ప్రయోగశాల నుంచి డిస్కో దాకా, అక్కడి నుంచి శాసనసభ దాకా ఈ సీసా చేసిన ప్రయాణాన్ని వివరిస్తుంది. ప్రకటనల్లో కండలు తిరిగిన పురుషుని బొమ్మ ఎలా నిలిచిందో, ఆ బొమ్మ ఏ రకం శరీరాలను వెలుపల ఉంచిందో చూపడం ఈ గ్రంథంలోని బలమైన భాగం. వాడేవారిని బాధితులుగానో నేరస్థులుగానో చూసే రచనల నడుమ వారిని చరిత్ర గల మనుషులుగా చూడటం దీని ప్రధాన విజయం.

అయితే గ్రంథం దృష్టి గతం మీదా, ఊహించదగిన భవిష్యత్తు మీదా అధికంగా నిలుస్తుంది. పరీక్షా కేంద్రం ముందు వరుసలో నిలుచున్న ఇరవై ఏళ్ల యువకుని వర్తమానం దానికి కేంద్రం కాదు. నిందకు సమాధానం వేడుక కాగలదా అన్నది ఇక్కడ తలెత్తే ప్రశ్న. నింద పదార్థాన్ని భూతం చేస్తుంది. వేడుక దాన్ని చిహ్నం చేస్తుంది. రెండింటిలోనూ పదార్థం పదార్థంగా మిగలదు. 1983 కరపత్రం ఈ రెండింటి నడుమ నిలిచినందువల్లే నేటికీ ప్రమాణంగా కనిపిస్తుంది.

10. తెలుగు పదజాలం:

ఇదే విషయాన్ని తెలుగులో చెప్పవలసి వస్తే మూడు పదాల దగ్గర ఆగవలసి ఉంటుంది.

మొదటిది 'మత్తు'. పీల్చే పదార్థాలన్నింటినీ తెలుగు పత్రికాభాష ఈ ఒక్క పదంలో ఇముడుస్తుంది. భారత ప్రభుత్వం 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం పీల్చే పదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం ఉండగా 10 - 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పెద్దల కంటే పిల్లల్లో అధికంగా ఉన్న ఏకైక వర్గం ఇదే. జిగురు, వైట్‌నర్ వంటి ద్రావణులను వీధిబాలలు పీల్చడం ఈ వర్గంలోని ప్రధాన సమస్య. ఆ ద్రావణులు మెదడును మందగింపజేస్తాయి. నైట్రైట్లు నాళాలను సడలిస్తాయి. ప్రమాదం వేరు, వాడే సందర్భం వేరు, చెప్పవలసిన జాగ్రత్త వేరు. 'మత్తు' అనే పదం ఈ మూడు భేదాలనూ చెరిపివేస్తుంది.

రెండవది 'స్వలింగ సంపర్కులు'. ఈ సమాసం మనిషిని ఒక శారీరక చర్యతో మాత్రమే గుర్తిస్తుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాడే 'పురుషులతో లైంగిక సంబంధం గల పురుషులు' అనే పారిభాషిక పదబంధం కూడా చర్యనే చెప్తుంది. అక్కడ అది ఉద్దేశపూర్వకం, ఎందుకంటే వైరస్‌కు చర్యతోనే పని. పారిభాషిక పదం సామాన్య వ్యవహారంలోకి వచ్చినప్పుడు మనిషి మొత్తం ఆ చర్యగా కుదించుకుపోతాడు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఇచ్చిన తీర్పు నేరముద్రను తొలగించింది. పదంలో మిగిలిన ముద్రను తొలగించే పని భాషావేత్తలది, రచయితలది.

మూడవది 'వ్యసనం'. సప్తవ్యసనాల పరంపర వల్ల ఈ పదానికి దురలవాటు అనే అర్థం స్థిరపడింది. సంస్కృతంలో దీనికి ఆపద, కష్టం అనే అర్థాలు కూడా ఉన్నాయి. 'వ్యసనపడు' అంటే తెలుగులో దుఃఖపడటమే. ఒకే పదంలో అలవాటు, ఆపద, దుఃఖం కలిసి ఉన్న భాష మనది. అందులో నిందార్థాన్ని మాత్రమే మిగిల్చుకుని దుఃఖార్థాన్ని నిఘంటువుకు పరిమితం చేయడం ఇటీవలి వాడుక చేసిన నష్టం. ఇంట్లో చెప్పుకోలేని ప్రేమ, బయట చూపలేని భయం ఉన్న యువకుని అలవాటును అర్థం చేసుకోవడానికి ఆ రెండవ అర్థం మళ్లీ అవసరమవుతుంది.

తెలుగులో ఆరోగ్యప్రచారానికి చెప్పుకోదగిన ఉదాహరణ లేకపోలేదు. 2000 తొలి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోడల మీద, బోర్డుల మీద కనిపించిన 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అనే వాక్యం పిల్లల నోళ్లలో కూడా నానింది. దాని బలం ప్రశ్నార్థకంలో ఉంది. నింద లేదు, ఆజ్ఞ లేదు. జవాబు వెతుక్కునే పని చదివినవాడిదే. ఆ ప్రచారం ఊహించిన పులిరాజాలో స్వలింగ ప్రేమికుడికి చోటు లేకపోవడం దాని పరిమితి. ఆ ప్రశ్నను అతని దాకా తీసుకువెళ్లే వాక్యం తెలుగులో ఇంకా రావలసి ఉంది. హెచ్ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017 రోగి వివరాల గోప్యతకు రక్షణ ఇచ్చింది. ప్రమాద తగ్గింపు కార్యక్రమాలకు నేరారోపణ నుంచి మినహాయింపు కల్పించింది. అటువంటి వాక్యం రాయడానికి చట్టం అడ్డు కాదు.

11. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు నిర్ధారణలు లభిస్తున్నాయి. ఒకటి, పాపర్స్ గురించిన రచనల్లో ప్రధాన దోషం సాహచర్యాన్ని కారణంగా గ్రహించడం. న్యాయశాస్త్రం దీన్ని సోపాధిక హేతువుగా ఏనాడో నిర్వచించింది. రెండు, ఈ దోషానికి మూలం అజ్ఞానం కంటే కథనావసరం. దోషి లేని రోగకథను సమాజం సులభంగా అంగీకరించదు. ఆ స్థానంలో ఒకసారి సీసా, మరొకసారి ఒక మనిషి నిలిచారు. మూడు, ఆరోగ్యరచన విలువను దాని సిద్ధాంతంతోపాటు దాని సంబోధన కూడా నిర్ణయిస్తుంది. తప్పు సిద్ధాంతం నుంచి సరైన సలహా ఇచ్చిన 1983 కరపత్రం ఇందుకు ఉదాహరణ.

వైద్యకళాశాలల్లో, ఆరోగ్యశాఖల్లో, పత్రికల్లో ఈ విషయంపై తెలుగులో రాసేవారు పదార్థాన్ని దాని పేరుతో పిలవాలి. ఏ ప్రమాదం ఏ హేతువు వల్ల వస్తుందో విడదీసి చెప్పాలి. చదివేవాడు యువకుడని, అతనికి సుఖమూ భయమూ రెండూ తెలుసునని గుర్తుంచుకోవాలి. అటువంటి తెలుగు పేజీ ఒకటి చదివిన యువకుడు వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు దాచకుండా చెప్పగలిగే మాటే ఆ రచనకు నిజమైన సమీక్ష అవుతుంది.